గోడ అవతలి మల్గి

షకీలాకు పన్నెండో ఏట పట్టుకున్న పిచ్చి అది. ఆ వయసు పిల్లలకు గాజుల మీదో, జాతరలో రంగులరాట్నం మీదో మనసు పోతుంది. ఈ పిల్లకు మాత్రం మల్గి మీద పోయింది. సంగారెడ్డిలో పోతిరెడ్డిపల్లికి పోయే బాట పక్కన, వాళ్ల ఇంటి గోడకే ఆనుకొని ఒక చిన్న దుకాణపు గది ఉండేది. ఒక తలుపు, ముందొక అరుగు, పైన గూన పెంకులు, అంతే. దాన్ని కొనాలి, కిరాయికి ఇవ్వాలి, ఇదీ ఆమె పట్టుదల. చెబితే నవ్వుతారని తెలుసు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. గొడవంతా అక్కడే మొదలైంది గానీ, ముందు ఆ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి.

షకీలా తల్లీ తండ్రీ ఒకే వారంలో గత్తర జబ్బుకు పోయారు. రెండేళ్ల పిల్లను తండ్రి తల్లి, దాదీ జైతూన్ బీ పెంచింది. ఉన్న రెండు గదుల ఇల్లు జైతూన్ బీ పేరు మీదే ఉంది. పెండ్లినాడు ఒప్పుకున్న మెహర్ కింద ఆమె భర్త ఆ ఇల్లు రాసిచ్చాడు. ఇల్లయితే ఉంది గానీ ఇల్లు అన్నం పెట్టదు కదా! దాదీ బొంతలు కుట్టేది. పాత చీరలు, ధోతులు పరచి, మధ్య సదాశివపేట పత్తి పెట్టి, చుట్టూ కుట్టుకుంటూ వచ్చేది. ఆ కుట్టు ఎంత దగ్గరగా ఉండేదంటే, లక్డారం రైతులు ఆమె బొంత కొంటే మళ్లీ పదేళ్లదాకా కనబడేవారు కారు. అంత గట్టిగా కుట్టి తన బేరం తానే చెడగొట్టుకుంటోందని ఇరుగుపొరుగు ఎగతాళి చేసేవారు.

ఒక ఎండాకాలం దాదీ కళ్లకు పొరలు కమ్మాయి. సూదిలో దారం ఎక్కడం మానేసింది. మూడు నెలలు ఇంట్లో పైసా లేదు. గంజి తాగి, పక్కవాళ్లు ఇచ్చిన జొన్నరొట్టె తిని గడిపారు. సరిగ్గా ఆ మూడు నెలల్లోనే షకీలా ఒక వింత చూసింది. మల్గి యజమాని ముర్తుజా సాబ్ పట్నంలో ఉండేవాడు. నెల మొదటి తారీకున బస్సు దిగేవాడు. మల్గిలో సైకిళ్లు కిరాయికిచ్చే సంగప్ప ఆయన్ను అరుగు మీద కూర్చోబెట్టి చాయ్ తాగించి, నాలుగు రూపాయలు చేతిలో పెట్టేవాడు. ముర్తుజా సాబ్ మూతి తుడుచుకొని వచ్చిన బస్సులోనే పోయేవాడు. ఆయన సూది పట్టలేదు, పార పట్టలేదు. కళ్లకు పొరలు వచ్చినా ఆ నాలుగు రూపాయలు రాక మానవు. దాదీకి కూడా ఇలాంటిది ఒకటి ఉండి ఉంటే ఈ గంజి గతి పట్టేదా అని ఆ పిల్ల ఏడ్చుకుంది. ఏడ్చినంతసేపు ఏడ్చి, సూది తీసుకొని దాదీ పక్కన కూర్చుంది.

పని వచ్చింది. చేత్తో తడిమి తప్పులు పట్టే దాదీ దగ్గర నేర్చుకుంటే పని రాక చస్తుందా? కుట్టు వంకర పోతే వేలితో నిమిరి, మొత్తం విప్పించేది. ఏడాది తిరిగేసరికి షకీలా నెలకు అయిదారు బొంతలు కుట్టసాగింది. పటాన్‌చెరు అంగడిలో, బొంతపల్లి జాతరలో అమ్మేది. ఒక బొంత కుడితే రూపాయిన్నర మిగిలేది. అందులో రూపాయి ఇంటికి, అర్ధ రూపాయి మల్గికి. రెండు కోళ్లు పెంచి గుడ్లు అమ్మింది, ఆ పైసలూ మల్గికే. ఈద్‌కు కొత్త ఓణీ వద్దంది. అంగడికి పోయేటప్పుడు బొంతల మూట ఉంటుంది కాబట్టి బస్సెక్కేది, వచ్చేటప్పుడు ఎడ్లబండ్ల వెంట నడిచేది. బండి వాళ్లు ఎక్కమంటే ఎక్కేది, లేకుంటే లేదు.

ఆ డబ్బు ఎక్కడ పెట్టిందంటారా? తన పక్కబొంతలో. రెండు పొరల మధ్య నోటు పెట్టి చుట్టూ కుట్టేసేది. పడుకునేది దాని మీదే. ఏ దొంగ వచ్చినా బొంతను విప్పి చూడడు గదా.

దొంగల భయం ఆమెకు పెద్దగా లేదు, నిజానికి భయమంతా దాదీతోనే. జైతూన్ బీ చేతిలో రూపాయి నిలవదని వాడంతా అనేవాళ్లు. ఎవరి బిడ్డకో జ్వరమంటే ఇచ్చేసేది, ఎవరి మేకో చచ్చిందంటే ఇచ్చేసేది. ఇచ్చింది మళ్లీ అడిగేది కాదు. ఈమెకు తెలిస్తే నా మల్గి వాడకట్టు పాలే అనుకుంది షకీలా. ప్రేమ లేక కాదు, దాదీ అంటే ఆ పిల్లకు ప్రాణం. అయినా ఆ ఒక్క మాట మాత్రం అయిదేళ్లు కడుపులో పెట్టుకుంది.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. అంతదాకా మా దిక్కున నిజాం నాటి హాలీ రూపాయలు నడిచేవి. ఇక అవి చెల్లవు, దేశమంతా నడిచే కల్దారు రూపాయలే చెల్లుతాయి, ఉన్నవి ఖజానాలో మార్చుకోండని దండోరా వేశారు. ఏడు హాలీలు ఇస్తే ఆరు కల్దార్లు. షకీలా బొంత విప్పి, నూట అయిదు హాలీలు పట్టుకొని పోయి, తొంభై కల్దార్లు తెచ్చుకుంది. పదిహేను రూపాయలు అంటే ముప్పయి బొంతల అర్ధ రూపాయలు! ఎవరు తీసుకున్నారో తెలియదు, ఎవరిని తిట్టాలో తెలియదు. దాదీకి చెప్పి ఏడవడానికీ లేకపోయింది. రెండు రోజులు కడుపునొప్పి అని చెప్పి పడుకుంది.

పదిహేనో ఏట ధైర్యం చేసి ఒక ఒకటో తారీకున ముర్తుజా సాబ్‌ను ఈ మల్గి ఏమాత్రం చేస్తుందని అడిగింది. ఆయన పగలబడి నవ్వి, నాలుగు వందల యాభై కల్దార్లు, కొంటావా అన్నాడు. ఉత్తగనే అడిగిన అని లోపలికి పరుగెత్తింది. ఆయన ఆ మాట బస్సెక్కేలోపే మరిచిపోయి ఉంటాడు. ఆమె మాత్రం ఆనాటి నుంచి వాన వస్తే మల్గి పెంకుల కింద నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చెవి పెట్టి వినేది. పెంకు పగిలితే యజమాని వేయించాలా, కిరాయిదారు వేయించాలా అని సంగప్ప నోట కూపీ లాగేది. సంగప్ప అమాయకంగా అన్నీ చెప్పేవాడు.

ఇట్లా పదిహేడు నిండాయి. అది యాభై నాలుగో సంవత్సరం, వానాకాలం వెనకపట్టు. ఒక గురువారం షకీలా పటాన్‌చెరు అంగడికి పోయి చీకటి పడ్డాక వచ్చింది. దాదీ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. ఎందుకు తినలేదని షకీలా అడగనూ లేదు, అలసిపోయి పడుకుంది. శుక్రవారం పొద్దున అరుగు ఊడుస్తుంటే సంగప్ప సైకిల్ టైరుకు గాలి కొడుతూ, ఏదో వానసంగతి చెప్పినట్టు చెప్పాడు. ముర్తుజా సాబ్ కొడుకు లారీ కొంటున్నాడట. అందుకని మల్గిని కట్టెల అడితి ఖాసిం సాబ్‌కు అమ్మేశాడట. నాలుగు వందల యాభై. బుధవారమే కాగితాలు అయిపోయినాయి.

చీపురు చేతిలోనే ఉంది. షకీలా లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసి, కత్తెరతో బొంత కుట్లు తెంపింది. దాదీ వాకిట్లో కోళ్లకు నూకలు చల్లుతోంది. నోట్లన్నీ తీసి లెక్కపెట్టింది. రెండు వందల తొంభై. లెక్కపెట్టకముందే ఆమెకు ఆ సంఖ్య తెలుసు, అయినా ఇంకోసారి లెక్కపెట్టింది. ఎన్నిసార్లు లెక్కపెడితే పెరుగుతాయి? నూట అరవై తక్కువ. నోట్లను బొంత కిందే వదిలేసి, ఓణీ తలమీదికి లాక్కొని తహసీలు కచేరీ వైపు నడిచింది.

కచేరీ గోడ నీడలో షంషేర్ మున్షీ కూర్చునేవాడు. ముందొక చెక్కపెట్టె, దాని మీద సిరాబుడ్డి. ఊళ్లో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా ఆయనే రాయాలి. షకీలా తన సంగతంతా ఆయనకు చెప్పింది. అయిదేళ్లలో మొదటిసారి ఒక మనిషికి చెప్పింది. ఖాసిం సాబ్ కొన్న ధరకే మళ్లీ అమ్ముతాడా, మిగతా డబ్బుకు గడువిస్తాడా, ఒక అర్జీ రాసిపెట్టండని అడిగింది. ఆయన నవ్వలేదు. కళ్లద్దాలు తీసి తుడిచి, ఆ గోడ ఎవరిదని అడిగాడు. మాదే, దాదీ పేరు మీద ఉందని చెప్పింది.

"అట్లయితే అర్జీ ఎందుకమ్మా? షుఫా హక్కు ఉన్నది గదా మీకు!" అన్నాడాయన.

షుఫా అంటే ఏమిటో ఆయన విడమరిచి చెప్పాడు. గోడకు గోడ ఆనుకున్న జాగా అమ్ముడుపోతే, బయటివాళ్ల కంటే ముందు పొరుగింటివాళ్లకు కొనుక్కునే హక్కు ఉంటుంది. అమ్మిన ధర ఎంతో అంతే ఇస్తే చాలు, కొన్నవాడు వదులుకోవాల్సిందే. మనవాళ్లలో తాతల నాటి నుంచి ఉన్న ఆనవాయితీ ఇది, ఖాసింకూ తెలుసు, పేచీ పెట్టడు. డబ్బు కూడా ఆ నిమిషానే చేతిలో ఉండనక్కరలేదు, నెలా రెండు నెలల్లో కట్టవచ్చు. షకీలాకు కాళ్లు నేలమీద నిలవలేదు. నూట అరవై రూపాయలు ఎట్లా పుట్టించాలో అప్పుడే ఆలోచించసాగింది. సంగప్పను రెండేళ్ల కిరాయి ముందే ఇమ్మంటే తొంభై ఆరు. కోళ్లు, ఇత్తడి బిందె, దాదీ పాతకాలపు వెండి కడియం అమ్మితే మిగతాది.

"ఒక్కటే షరతు. అమ్మినరని చెవిన పడ్డదంటే, పడ్డ జాగలనే లేచి నిలబడి, ఇది నాకు కావాలె అని నోటితోని అనాలె. జెర సేపు ఆలోచన చేసుకుంట కూసున్నా హక్కు పోయినట్టే" అన్నాడు మున్షీ.

షకీలా ముఖం వాడిపోయింది. తాను పొద్దున విని, తలుపేసుకొని నోట్లు లెక్కపెట్టుకుంది కదా! ఆ మాట ఏడుపు గొంతుతో చెప్పింది. మున్షీ నవ్వి, హక్కు ఇల్లు ఎవరిదైతే వారిదమ్మా, నువ్వు విన్నదానితో పనిలేదు, మీ దాదీ విన్నదా అని అడిగాడు. దాదీ గడప దాటదు, ఆమెకు ఎవరు చెబుతారు? ఇంకా వినలేదన్నది షకీలా. అయితే జల్దీ పద అని ఆయన పెట్టె మూసి చంకన పెట్టుకున్నాడు. ఇద్దరు సాక్షులు కావాలి గనుక దారిలో సంగప్పను కూడా పిలుచుకున్నారు. సంగప్ప చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, ఏం జరుగుతోందో తెలియకుండానే వెంట వచ్చాడు.

జైతూన్ బీ వాకిట్లో చాప మీద కూర్చొని పత్తిలో గింజలు ఏరుతోంది. మున్షీ సలాం చెప్పి, మీ గోడ పక్క మల్గి ముచ్చట చెప్పడానికి వచ్చినం అన్నాడు.

"అమ్మిన ముచ్చటేనా?" అన్నది దాదీ. "నిన్ననే విన్న. పగటి జోహర్ నమాజు అయినంక పాలపోశమ్మ చెప్పిపోయింది."

విని ఏమన్నావని మున్షీ మెల్లగా అడిగాడు. ఏమంటాను, గమ్మున కూర్చున్నాను అన్నది దాదీ. ఎంతసేపు కూర్చున్నావంటే, పొద్దు వాలేటప్పటి అసర్ నమాజు పిలుపు వినబడేదాకా అన్నది. మున్షీ సిరాబుడ్డి మూత తీయబోయినవాడల్లా ఆగిపోయాడు.

తర్వాత ఆయనే గొంతు తగ్గించాడు. ఆయన చెడ్డవాడు కాదు, పిల్ల ముఖం చూడలేకపోయాడు. పోశమ్మ చెప్పినప్పుడు ఇంకెవరూ లేరు కదా, ఈ ముచ్చట ఇప్పుడే మున్షీ నోటనే మొదటిసారి విన్నానని లేచి నిలబడి అంటే చాలు, నేను అట్లాగే రాస్తాను అన్నాడు. రేపు ఎవరైనా గట్టిగా అడిగితే మాత్రం ఖురాన్ మీద చెయ్యి పెట్టి చెప్పాల్సి వస్తుంది, అది కూడా ఆలోచించుకోండి అన్నాడు. సంగప్ప తల వంచుకొని నేల చూస్తున్నాడు.

జైతూన్ బీకి కనబడకపోయినా షకీలా ఎక్కడ నిలబడ్డదో తెలుసు. అటు తిరిగి చెయ్యి చాచింది. షకీలా ఆ చెయ్యి పట్టుకుంది.

"నీకు గీ మల్గి గంత కావాల్నా బేటీ?" అన్నది. "కావాలంటే చెప్పు. నువ్వు ఏది అనుమంటే అదే అంట."

కావాలి. అయిదేళ్ల నుంచి నిద్రలో కూడా కావాలి. ఒక్కసారి తల ఊపితే చాలు, మల్గి తమదవుతుంది. అను దాదీ, అనెయ్యి అని నాలుక చివరిదాకా వచ్చింది. ఈ దాదీయే ఒకసారి లక్డారం నుంచి వచ్చిన ముసలాయన ఒక అణా ఎక్కువిచ్చాడని, వానలో షకీలాను బస్టాండు దాకా తరిమి ఆ అణా వాపసు ఇప్పించింది. అట్లాంటి మనిషి ఇప్పుడు ఖురాన్ మీద అబద్ధం చెప్పడానికి సిద్ధమై కూర్చుంది. ఇంత పెద్ద వయసులో ఆమె చేత ఇంత బరువు మోయించి తీసుకున్న కిరాయి తన గొంతు దిగుతుందా అనిపించింది షకీలాకు.

"రాయకుండ్రి మున్షీ సాబ్. దాదీ నిన్ననే విన్నది" అన్నది.

మున్షీ సిరాబుడ్డి పెట్టెలో పెట్టుకున్నాడు. రాసిందేమీ లేదు కనుక పైసలు వద్దన్నాడు, ఇచ్చిన చాయ్ తాగి వెళ్లిపోయాడు. సంగప్పకు అప్పుడు గానీ సంగతి అర్థం కాలేదు. ముందే చెబితే బుధవారమే మీకు అరిచి చెబుతుంటిని కదా బిడ్డా అని నొచ్చుకొని, దుకాణంలోకి పోయాడు. కాసేపటికి గోడ అవతల గాలిపంపు చప్పుడు మొదలైంది.

ఇద్దరే మిగిలాక దాదీ పత్తి పక్కకు నెట్టింది. మల్గి కొనడానికి నీ దగ్గర పైసలెక్కడివని అడిగింది. ఇక దాచేదేముంది? షకీలా లోపలికి పోయి బొంత కింద పడేసిన నోట్లు తెచ్చి ఆమె ఒడిలో పోసింది. రెండు వందల తొంభై అని చెప్పింది. దాదీ వేళ్లతో ఆ నోట్లను తడిమింది, ఒక్కొక్కటీ మడత విప్పి మళ్లీ తడిమింది.

ఆ తరువాత గోడ పట్టుకొని లేచి లోపలికి పోయింది. జొన్నల గుమ్మిలోకి భుజందాకా చెయ్యి పెట్టి, ఒక మూట తీసుకొచ్చి చాప మీద విప్పింది. చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయలు. అన్నీ హాలీలు. షకీలా నోరు తెరుచుకొని చూసింది. చేతిలో రూపాయి నిలవదని ఊరంతా చెప్పుకున్న మనిషి, గంజి తాగిన మూడు నెలల్లో కూడా ఈ మూట బయటికి తీయలేదు! కూర్చొని లెక్కపెట్టింది. నూట ఎనభై తొమ్మిది. ఖజానాలో ఇంకా మారుస్తూనే ఉన్నారు, ఏడింటికి ఆరు, ఆ లెక్క ఆమెకు నిద్రలో కూడా వస్తుంది. నూట అరవై రెండు కల్దార్లు. తన రెండు వందల తొంభైతో కలిపితే నాలుగు వందల యాభై రెండు.

"దాదీ, మల్గిని నాల్గు వందల యాభైకే అమ్మిండ్రు" అన్నది. అనేసరికి ఏడుపు వచ్చింది.

"గా షుఫా ముచ్చట నాకెరుకనే" అన్నది దాదీ. "మీ దాదా ఉన్నప్పుడే చెప్పిండు. నిన్న పోశమ్మ అనంగనే లేవబోయిన. లేచి, మళ్ల కూసున్న. నా తాన ఉన్నయి సగం గూడ లేకపాయె. నీ తాన గిన్ని ఉన్నయని ఎరుకుంటె నేనెందుకు కూసుందు పిల్లా?"

తప్పు తనదే అని షకీలాకు తెలుసు. అయినా కోపం మాత్రం దాదీ మీదికే పోయింది. నువ్వు మాత్రం నాకెందుకు చెప్పలేదని ముక్కు చీదుకుంటూ కొట్లాటకు దిగింది. నీకు చెబితే నా కళ్ల ఆపరేషన్‌కని పట్నం గుంజుకపోతావని చెప్పలేదన్నది దాదీ. ఇన్ని పైసలు గుమ్మిలో పెట్టుకొని కళ్లు పోగొట్టుకుంటావా అని షకీలా అరిచింది. చూశావా, ఇందుకే చెప్పలేదన్నది దాదీ. ఏడుస్తున్న పిల్లకు నవ్వు వచ్చింది. దాదీ కూడా నవ్వి, సంగారెడ్డిలో మనకున్న గోడ ఇదొక్కటేనా, మిగిలిన మూడు గోడల అవతల ఎవరైనా అమ్మరా అన్నది. ముందు కళ్లు, ఆ తరువాతే గోడలు అని షకీలా గట్టిగా చెప్పింది. దాదీ పత్తిని మళ్లీ దగ్గరికి లాక్కొని గింజలు ఏరసాగింది.

పొద్దు వాలింది. చాప మీద ఒక పక్క నోట్లు, ఒక పక్క వెండి ఉన్నాయి. ఎప్పటి నుంచి కూడబెడుతున్నావని దాదీ అడిగింది. పన్నెండో ఏట నుంచి అని చెప్పి, నువ్వెప్పటి నుంచి అని అడిగింది షకీలా.

"మీ అమ్మ నాయిన పోయినంక నిన్ను నా ఒళ్లె ఏసిండ్రు గదా" అన్నది దాదీ. "గా దినం సంది."

షకీలా ఆమె ఒడిలో తల పెట్టుకొని పడుకుంది. తరువాత లేచి, ఆ నోట్లూ ఈ రూపాయలూ కలిపి ఒకే మూటలో కట్టింది.